పూలకాడ లేని కాగితం

టిబిలీసిలో మా గదికి మూడు కిటికీలు.
రెండు తెరుచుకోవు.
మూడోదాని దగ్గర కూచుని
లామారా ఎండుపువ్వును ఉడకబెడుతుంది,
చిన్న గిన్నెలో, ఒక్క చుక్క సబ్బు వేసి.
నలభై ఏళ్ళ కింద ఎండిన పువ్వు
నీళ్ళలో మెల్లగా ఒళ్ళు విరుచుకుంటుంది.

"ఆకును నమ్మేయకు," అంటుంది నాతో.
"నీడలో ఒకలా ఉంటుంది, ఎండలో ఇంకోలా,
ఆకలేస్తే మరోలా.
పువ్వుకు కడుపులోది దాచుకోవడం రాదు."
సూదిమొనతో రేకులు విప్పి
కేసరాలు లెక్కపెట్టమంటుంది.
ఐదు. కాదు, నాలుగు.
ఐదోది పుట్టీ పుట్టక ఆగిపోయిన నూలుపోగు.
"దాన్నీ రాయి. రాకుండా ఆగిపోయినదీ గుర్తే."

అండాశయం రేకులకు పైనుందా, కిందుందా?
ఆకులు ఎదురెదురా, ఒకదాని తర్వాత ఒకటా?
కాయ పగిలేది పక్కనా, నెత్తిమీదా?
అవునంటే ఏడో ప్రశ్నకు పో, కాదంటే పన్నెండుకు.
ఈ ప్రశ్నల పట్టీని మేం తాళంచెవి అంటాం.
అవును కాదుల మెట్లు దిగుతూ దిగుతూ
చివరికి ఒక పేరు ముందు నిలబడతాం,
చెప్పులు విడిచి.

ఈ ఏడాది బీరువాలు మారుస్తున్నాం.
తరాలుగా ఒకే కుటుంబంలో ఉన్న డిజిటాలిస్
ఆ ఇంటిది కాదని తేల్చారు,
పువ్వును కాక కణంలోని రాతను చదివినవాళ్ళు.
దాని అసలు చుట్టం ఇసబ్గోల్ రకం కలుపుమొక్కట,
బస్టాండు పక్కన ఎంత తొక్కినా లేచేది,
రంగూ రేకూ లేక
గాలికే పుప్పొడి అప్పజెప్పే బీదది.
"పెళ్ళి ఫోటోలో ఎవరూ గుర్తుపట్టని మేనత్త,"
లామారా నవ్వింది.
ఇరవైమూడో బీరువా నుంచి తొమ్మిదోదానికి కట్టలు.
తుమ్ములు. టీ. మళ్ళీ కట్టలు.

అడుగు అరలో ఒక నీలం అట్ట.
ఎక్కడా చేరనివి అందులో ఉంటాయి.
ఒక కాగితంమీద రెండాకులు, ఒక వేరు, కొరికిన కాడ.
గుండె ఆకారపు ఆకు, అడుగున నూగు.
చీటీమీద కుర్రచేతి రాత:
"బ్జిబ్ కొండవాలు. సున్నపురాతి పగులు. 12 జులై 1992.
పూలకాడను మేకలు తినేశాయి.
వచ్చే జూన్‌లో మళ్ళీ రావాలి. లా. ఎసెబువా."

నేనేమీ అడగలేదు.
గిన్నె కింద మంట తగ్గించి తనే చెప్పింది.
ఆ ఆగస్టులోనే సుఖుమికి ట్యాంకులు వచ్చాయి.
"వంతెన దగ్గర మమ్మల్నీ ఇట్లాగే చూశారు.
ఇంటిపేరు చివర ఏముంది?
ఈ మాట పలుకు, వింటాం.
అవునంటే ఇటు, కాదంటే అటు.
రెండే రెండు ప్రశ్నలు.
గడ్డిపరకకైనా మనం నలభై అడుగుతాం.
నా బల్ల పంచుకున్న అమ్రా అటు, నేను ఇటు.
ఒకే గిన్నెలో పువ్వులుడికించినవాళ్ళం."

"గోరంత ఆకు చాలు," నేను తొందరపడ్డాను,
"గిల్లి పంపితే పేరు చెప్పేస్తారు."
"చెప్తారు. రంగు చెప్తారా?
తుంచినప్పుడు పాలు కారాయో లేదో చెప్తారా?
నాకే గుర్తు లేదు."
గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి
పువ్వు అడుగంటింది. ఇద్దరం చూసుకోలేదు.

సాయంత్రం బ్లేడు అడిగింది.
ఆకు కొసను కాగితప్పొట్లంలో పెట్టి మడిచింది.
పాత చీటీ కింద, ఇప్పుడు కాస్త వణికే చేత్తో,
పెన్సిలుతో రాసింది:
"నాలుగు మిల్లీమీటర్లు తీశాం.
పూత ఇంకా చూడలేదు."